ఘంటసాలా, బాలూనా? ముప్పై ఏళ్ళుగా ఇద్దరి పాటలకీ కీబోర్డు వాయిస్తున్నవాడి సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ నాన్నగారి లెక్కలో ఘంటసాల తర్వాత తెలుగులో గాయకుడే పుట్టలేదు. మీకు బాలు. ఆదివారం టిఫిన్ దగ్గర మొదలైన వాదన మధ్యాహ్నం భోజనాల దాకా సాగుతుంది. చివరికి ఆయన "బాలుది మిమిక్రీ, గానం కాదు" అని లేచి వెళ్ళిపోతారు. సంగీతం తెలిసినవాళ్ళు ఎవరిని గొప్ప అంటారు, బాలు ఘంటసాలని అనుకరించి పైకొచ్చాడన్నది నిజమేనా అని అడిగారు.

నేను సంగీత విద్వాంసుణ్ణి కాదు. మాది తెనాలి. ముప్పై ఏళ్ళు దాటింది ఆర్కెస్ట్రాలో కీబోర్డు పట్టి. పెళ్ళిళ్ళు, వినాయక చవితి పందిళ్ళు, శ్రీరామనవమి, తిరునాళ్ళ ప్రభల మీద కచేరీలు, అన్నీ చేశాను. ఈ ఇద్దరి పాటలూ ఎన్ని వేలసార్లు వాయించానో లెక్కలేదు. కాబట్టి వినేవాడి వైపు నుంచి కాకుండా, పక్కన కూర్చుని వాయించేవాడి వైపు నుంచి చెబుతాను.

ముందు సూటిగా జవాబు. పద్యం, విషాదం, భక్తి, నిదానంగా నడిచే పాట, ఇవి ఘంటసాలవి. సినిమా పాటలో ఇంకా ఏమేం ఉంటాయో అవన్నీ బాలువి. పీక మీద కత్తి పెట్టి ఒక్క పేరే చెప్పమంటే ఘంటసాల అంటాను. కానీ మీ నాన్నగారు చెప్పే కారణంతో మాత్రం కాదు. మిమిక్రీ అన్నమాట తప్పు. బాలు అనుకరించి పైకొచ్చాడన్నది అంతకన్నా తప్పు.

ఇక కారణాలు.

మా ఆర్కెస్ట్రాలో పాడటానికి కొత్త కుర్రాళ్ళు వస్తుంటారు. పదిమందిలో ఏడెనిమిదిమంది బాలు పాడిన 'శంకరాభరణం' పాటతోనే వస్తారు. అది కష్టమైన పాట అని లోకమంతటికీ తెలుసు, కాబట్టి అది పాడితే మేం దడుచుకుంటామని వాళ్ళ ఆశ. కొన్నేళ్ళ కిందట ఒక కుర్రాడు 'శంకరా నాదశరీరాపరా' ఎత్తుకుని ఎక్కడా తొణక్కుండా పూర్తి చేశాడు. పక్కనున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను "బాగుంది బాబూ, ఇప్పుడు 'దేవదాసు'లో ఘంటసాల పాడిన 'కుడి ఎడమైతే' పల్లవి ఒక్కటి పాడు" అన్నాను. నవ్వాడు. ఇంత తేలిక పాట ఎందుకు అడిగారా అన్నట్టు చూశాడు.

ఆ పల్లవిలో 'లేదోయ్' అని ఒక మాట ఉంది. ఆ 'ఓయ్'ని సాగదీయాలి. కింద వాయిద్యాల హోరు ఉండదు, దాక్కోవడానికి చోటుండదు. గొంతు ఒంటరిగా గాలిలో నిలబడాలి. ఆ సాగదీతలో తాగినవాడి తూలుడు కొంచెం వినపడాలి, కానీ శృతి తూలకూడదు. కుర్రాడు మొదటిసారి 'ఓయ్' దగ్గర గొంతుని కుదిపాడు, అది కేకలా వచ్చింది. రెండోసారి మెత్తగా అన్నాడు, అది నిద్రమత్తులా వచ్చింది. నాలుగోసారికి తనే ఆపేసి మంచినీళ్ళు అడిగాడు. తర్వాత వాడు మాతో ఆరేళ్ళు పాడాడు లెండి, మంచి గాయకుడు. ఆ పాట మాత్రం స్టేజీ మీద ఎప్పుడూ ఎత్తుకోలేదు.

నా అనుభవం మొత్తం ఇందులోనే ఉంది. బాలు పాట కష్టమని వినగానే తెలిసిపోతుంది. ఘంటసాల పాట కష్టమని నోరు తెరిచాకే తెలుస్తుంది. బాలు పాటలో కష్టమైన చోటు ఎక్కడుందో ముందే కనపడుతుంది కాబట్టి దానికి సాధన చేయొచ్చు. ఘంటసాల మాస్టారి పాటలో కష్టం ఒక చోట ఉండదు, అక్షరం అక్షరంలో పరుచుకుని ఉంటుంది.

శృతి సంగతి కూడా చెప్పాలి. ఎనభైల్లో బాలు పాడిన పాటలు చాలావరకు పైస్థాయిలో ఉంటాయి. మా గాయకులు అందుకోలేకపోతే నేను కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ నొక్కి ఒక శృతో, ఒకటిన్నరో దించేస్తాను. పాట కొంచెం మెరుపు తగ్గుతుంది కానీ పాడైపోదు. ఘంటసాల పాటతో ఆ పప్పులు ఉడకవు. దించితే కింది స్వరాలు గొంతులోనే ఉండిపోతాయి, మైకుకి అందవు. ఎత్తితే ఆ గాంభీర్యం పోయి పాట చిన్నపిల్లాడి చేతిలో గదలా కనిపిస్తుంది. ఆయన గొంతులో కింది స్థాయి కూడా పైస్థాయి అంత నిండుగా మోగుతుంది. అది అందరికీ ఉండేది కాదు.

'శివశంకరీ' గురించి అడగకుండానే చెబుతాను, ఎందుకంటే ఈ వాదనలో ఎవరో ఒకరు దాన్ని తెస్తారు. 1961లో వచ్చిన 'జగదేకవీరుని కథ'లోది, పెండ్యాల నాగేశ్వరరావు బాణీ, దర్బారీ కానడ రాగం. మా దగ్గర పల్లెలో ఒక చవితి పందిట్లో రాత్రి పదకొండు దాటాక ఒక పెద్దాయన చీటీ పంపాడు, 'శివశంకరి కావాలి' అని. మా సీనియర్ గాయకుడు అప్పటికే పదిహేను పాటలు పాడి ఉన్నాడు. పల్లవి, చరణం బ్రహ్మాండంగా నడిచాయి. చివర స్వరాలు వేగం అందుకునే చోటికి వచ్చేసరికి ఆయన మెడనరాలు తేలాయి. తబలా అతను అది చూసి, తనే కాస్త ముందుకొచ్చి నాలుగు ఆవర్తాలు (తాళం చుట్లు) గట్టిగా వాయించి ఈయనకి ఊపిరి పీల్చుకునే సందు ఇచ్చాడు. పాట గట్టెక్కింది. పెద్దాయన స్టేజీ ఎక్కి వంద నోటు తీసి, గాయకుణ్ణి దాటుకుంటూ వెళ్ళి తబలా అతని చేతిలో పెట్టాడు. ఊళ్ళో వాళ్ళకి ఏమీ తెలియదనుకుంటాం.

సరే, ఇప్పటిదాకా మీ నాన్నగారి పక్షం. ఇప్పుడు మీ పక్షానికి వస్తాను.

మిమిక్రీ అన్నమాట ఎందుకు తప్పో అర్థం కావాలంటే పాతరోజుల్లో పని ఎలా పంచుకునేవారో చూడాలి. ఘంటసాల కాలంలో ఒక్కో గొంతుకి ఒక్కో వాటా ఉండేది. ఎన్టీఆర్, ఏఎన్నార్ లాంటి హీరోలకి ఎక్కువగా మాస్టారు. హాస్యానికి పిఠాపురం నాగేశ్వరరావు. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడిగా లడ్డూలు ముందేసుకుని కూర్చుంటే ఆ పాటకి మాధవపెద్ది సత్యం. ఇంకా మెత్తని గొంతు కావాలంటే పి.బి.శ్రీనివాస్, ఏ.ఎం.రాజా. 'మిస్సమ్మ'లో ఎన్టీఆర్‌కి పాడింది ఏ.ఎం.రాజానే కదా. ఇంతమంది ఉన్నప్పుడు ఘంటసాల అల్లు రామలింగయ్యలా గొంతు మార్చాల్సిన పనేముంది?

1974 ఫిబ్రవరి 11న మాస్టారు పోయారు, 51 ఏళ్ళకే. ఆ తర్వాత వి.రామకృష్ణ లాంటి మంచి గాయకులు ఉన్నా, కొద్ది ఏళ్ళలోనే ఈ వాటాలన్నీ చాలావరకు ఒక్క మనిషి మీద పడ్డాయి. హీరో ఆయనే, కమెడియనూ ఆయనే. అప్పటికి థియేటర్‌లో కూర్చున్న జనం చెవుల్లో పాతికేళ్ళుగా ఎన్టీఆర్ అంటే ఘంటసాల గొంతే. ఆ తెర మీద ఇంకో గొంతు వినిపిస్తే ఒప్పుకుంటారా?

1977 ఒక్క సంవత్సరం తీసుకోండి, చాలు. 'దానవీరశూరకర్ణ'లో దుర్యోధనుడిగా ఎన్టీఆర్, 'చిత్రం భళారే విచిత్రం'. అదే ఏడాది 'అడవి రాముడు'లో అదే ఎన్టీఆర్, 'ఆరేసుకోబోయి పారేసుకున్నాను'. రెండూ బాలు, సుశీల. మొదటిదాంట్లో రాజు సరసమాడుతున్నాడు, మీసం మీద చెయ్యి తీయకుండా ప్రేమిస్తున్నాడు. రెండోదాంట్లో వానలో తడిసిన అల్లరి. ఒకే నటుడు, ఒకే గాయకుడు, అయినా ఒకదాని గొంతు తీసి రెండోదానికి పెట్టలేరు. అదే ఏడాది 'ఆలుమగలు'లో 'ఎరక్కపోయి వచ్చాను' వినండి, అక్కడ కళ్ళు మూసుకుంటే ఏఎన్నారే పాడుతున్నట్టుంటుంది. దానికి ముందటేడు 'మనుషులంతా ఒక్కటే'లో అల్లు రామలింగయ్యకి 'ముత్యాలు వస్తావా'.

మిమిక్రీ చేసేవాడు గొంతుని మాత్రమే పట్టుకుంటాడు. శృతిలో, తాళంలో ఉంటూ, సాహిత్యం చెడకుండా, పక్కన సుశీల లాంటి గాయని పాడుతుండగా, ఇంకొక మనిషి నవ్వునీ నడకనీ పాటలోకి తేవడం వేరే విద్య. మా స్టేజీల మీద మిమిక్రీ కళాకారులు బోలెడుమంది వచ్చారు, ఏఎన్నార్ డైలాగు అద్భుతంగా చెబుతారు. "అదే గొంతుతో పాట పాడండి" అంటే రెండో లైనుకి చేతులెత్తేస్తారు.

ఇక్కడ ఒక మాట. ఘంటసాల గొంతే మార్చరు, అందరికీ ఒకేలా పాడతారు అని మీ వయసువాళ్ళు అంటుంటారు. అదీ నిజం కాదు. ఎన్టీఆర్‌కి పాడినప్పుడు ఛాతీ నిండుగా వస్తుంది, ఏఎన్నార్‌కి పాడినప్పుడు కాస్త సన్నబడి మెత్తబడుతుంది. కాకపోతే ఆ తేడా పచ్చడిలో ఇంగువలా ఉంటుంది, వెతికితే తప్ప దొరకదు.

అనుకరించి పైకొచ్చాడన్నదానికి జవాబు తేలిక. బాలు మొదటి పాట 1966 డిసెంబరులో రికార్డయింది, 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న'కి, ఎస్.పి.కోదండపాణి సంగీతంలో. 1968లో వచ్చిన 'మేడంటే మేడా కాదు', 'రావమ్మా మహాలక్ష్మీ' వినండి. సన్నని, లేత గొంతు. అందులో ఘంటసాల ఛాయ ఎక్కడుంది? సంక్రాంతి నెలలో మాకు ఆ 'మహాలక్ష్మి' లేకుండా కచేరీ ఉండదు. అనుకరించాలనుకున్నవాడైతే మాస్టారు బతికుండగా ఆ లేత గొంతుతో ఎందుకు పాడతాడు? లావుచేసి పాడేవాడు. ఆ రోజుల్లో అలా పాడి కనుమరుగైనవాళ్ళు ఊరికొకరున్నారు. 'జూనియర్ ఘంటసాల' అని బోర్డు కట్టుకున్నవాళ్ళు మా జిల్లాలోనే నాకు నలుగురు తెలుసు.

రికార్డింగ్ పద్ధతి కూడా మర్చిపోకండి. మాస్టారి రోజుల్లో గాయకుడు, వాయిద్యాలు అందరూ ఒకేసారి ఉండి పాడాలి, వాయించాలి. వయొలిన్ అతను ఒక్క స్వరం తప్పినా మళ్ళీ మొదటి నుంచి. తర్వాత ట్రాకులు వచ్చాయి, తప్పిన లైను వరకే మళ్ళీ పాడి అతికించుకునే వీలొచ్చింది. కాబట్టి ఘంటసాల పాటలో మీరు వినేది చాలావరకు ఒక్క ఊపిరిలో జరిగిన సంఘటన. ఇది బాలుని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ట్రాక్ ఎదురుగా పెట్టుకుని, ఎదుట గాయని లేకుండా, ఖాళీ గదిలో నిలబడి ఆమెతో సరసమాడుతున్నట్టు పాడటం ఎంత కష్టమో ఈ మధ్య మా గాయకులు స్టూడియోకి వెళ్ళొచ్చి చెబుతున్నారు.

వాదనలోకి తేకూడనివి రెండున్నాయి.

ఒకటి, పాటల సంఖ్య. ఘంటసాల సినిమాల్లో పాడింది ముప్పై ఏళ్ళలోపు. బాలు దాదాపు 54 ఏళ్ళు, పదికి పైగా భాషల్లో. లెక్క ఎటూ సరితూగదు.

రెండు, అవార్డులు. బాలుకి నాలుగు భాషల్లో ఆరు జాతీయ అవార్డులు. మీరిది మీ నాన్నగారి మీద విసిరే ఉంటారు. కానీ జాతీయ అవార్డుల్లో గాయకులకి విభాగం పెట్టిందే 1967 సినిమాల నుంచి. 'దేవదాసు' 1953, 'మాయాబజార్' 1957, 'జయభేరి' 1959, 'లవకుశ' 1963. ఇచ్చే అవార్డే లేనప్పుడు రాలేదని ఎలా అంటాం?

తేవలసింది, కానీ ఎవరూ తేనిది ఒకటుంది. ఘంటసాల సంగీత దర్శకుడు కూడా. 'పాతాళభైరవి', 'లవకుశ', 'గుండమ్మకథ' ఆయన బాణీలే. నేను ఒక్క పేరు చెప్పమంటే ఆయన్ని చెప్పడానికి సగం కారణం ఇదే. ('మాయాబజార్' కూడా ఆయనదే అనుకుంటాం కానీ, 'లాహిరి లాహిరి'తో సహా నాలుగు పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావువి. ఆయన తప్పుకున్నాక మిగతాది మాస్టారు పూర్తి చేశారు. ఇది మీ నాన్నగారికి మెల్లగా చెప్పండి.) బాలు కూడా 'మయూరి', 'పడమటి సంధ్యారాగం' లాంటివాటికి మంచి సంగీతం ఇచ్చారు, కానీ ఆ తక్కెడలో పెడితే తేలిపోతాయి.

పద్యం సంగతి తెనాలివాణ్ణి, నేను చెప్పకపోతే ఎలా. నాటకాల్లో పద్యమంటే అర్థానికి నాలుగింతలు రాగం. చివర ఒక్క 'ఆ' మీద రెండు నిమిషాలు తిప్పితే జనం 'వన్స్‌మోర్' అనేవారు. ఘంటసాల దాన్ని సినిమాకి తగ్గట్టు కత్తిరించారు. మాట ఎక్కడ విరగాలో అక్కడే ఊపిరి తీస్తారు, ఎక్కడ భావం బరువెక్కుతుందో అక్కడే రాగం ఒలికిస్తారు. జాషువా, కరుణశ్రీ లాంటి కవుల పద్యాలు చదువురానివాళ్ళ నోళ్ళలో కూడా నానాయంటే అందులో ఆయన వాటా పెద్దది. ఆ 'పుష్పవిలాపం' రికార్డు పెట్టుకుని పూలు కోయడం మానేసిన ముసలమ్మ మా వీధిలోనే ఉండేది. ఈ రంగంలో బాలు సహా ఎవరూ ఆయన దరిదాపులకి రాలేదని నా అభిప్రాయం. ఇక చివరి రోజుల్లో పాడిన భగవద్గీత సంగతి మీకు తెలిసిందే. పొద్దున్నే మైకులో అది వినిపిస్తే ఊళ్ళో "అయ్యో, ఎవరు పోయారు?" అని అడుగుతారు. పాపం, ఆయన చావుల కోసం పాడలేదు. అయినా మనిషిని సాగనంపేటప్పుడు ఏ గొంతు తోడుండాలో జనమే తేల్చుకున్నారు.

బాలు విషయంలో మాలాంటివాళ్ళకి సొంత ఫిర్యాదు ఒకటుంది. 1996లో 'పాడుతా తీయగా' మొదలయింది. పిల్లలు పాడుతుంటే ఆయన ఆపి, 'శ'కి 'స' పలికావనో, ఇక్కడ సంగతి (స్వరాల విరుపు) జారిందనో, ఈ పాట రాసిందెవరో చెప్పమనో అనేవారు. అంతకుముందు మా గాయకుడు శృతి తప్పితే అది మా అయిదారుగురి మధ్య రహస్యం. ఆ కార్యక్రమం వచ్చాక పందిట్లో ముందు వరసలో పట్టుచీరల ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వడం మొదలైంది. ఒక పెళ్ళిలో పదేళ్ళ పిల్ల స్టేజీ దగ్గరికొచ్చి "అంకుల్, చరణంలో శృతి పోయింది" అని చెప్పి వెళ్ళింది. ఆ రోజు నుంచి రిహార్సల్ రెండు గంటలు పెంచాం. తెలుగువాళ్ళ చెవిని ఆయన అంత బాగుచేశారు.

మీ ఇంటి గొడవకి నా దగ్గర ఒక్క ఉపాయముంది. 'ఏకవీర'లో 'ప్రతిరాత్రి వసంతరాత్రి' అని ఒక పాట. 1969, కె.వి.మహదేవన్ సంగీతం, దేవులపల్లి కృష్ణశాస్త్రి సాహిత్యం. ఎన్టీఆర్‌కి ఘంటసాల, కాంతారావుకి బాలు. ఇద్దరూ కలిసి పాడిన పాట. అప్పటికి బాలుకి 23 ఏళ్ళు, మాస్టారికి దానికి రెట్టింపు. ఫోను స్పీకరులో వద్దు, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఘంటసాల మాటని తెచ్చి మన ముందు పెట్టి నిలబెడతారు. బాలు అదే మాటని కొద్దిగా ఊపి వదులుతారు. కుర్రాడు పెద్దాయన్ని దాటిపోవాలని చూడడు, పెద్దాయన కుర్రాణ్ణి తొక్కేయాలని చూడరు. స్టేజీ మీద ఇద్దరు గాయకులకి ఒక పాట పంచితే మైకు ఎవరికి దగ్గరుండాలని కొట్టుకోవడం చూసి చూసి ఉన్నవాణ్ణి, నాకు ఆ పాట విన్నప్పుడల్లా ముచ్చటేస్తుంది.

మీ చెల్లెలు ఇద్దరూ వద్దు, సిద్ శ్రీరామ్ అంటోందని చివర్లో రాశారు. మా ట్రూపులో మా అబ్బాయిదీ అదే పాట. వాడికి ఇంకా సమాధానం వెతుక్కుంటున్నాను, దొరికితే మీకూ రాస్తాను.